వలస కార్మికులకు తోడుగా నిలిచేవారికి: ప్రయాణానికి ముందు నుంచి తిరిగి కుదురుకునే వరకు

పరాయి దేశంలో పనికి వెళ్ళినవారి కోసం సాయం అడుగుతూ వచ్చే ఫోన్లు చాలావరకు పరిస్థితి చేయిదాటిన తరువాతే వస్తాయి. నాలుగు నెలలుగా జీతం అందలేదని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయిందని, ఒంట్లో బాగా లేదని, ఎలాగైనా ఇంటికి చేర్చమని అడుగుతారు. అప్పుడు సాయపడేవారికి మొదట కావలసినవి పాస్‌పోర్టు నంబరు, ఉద్యోగ ఒప్పందం నకలు, యజమాని పూర్తి పేరు, పనిచేసే చోటు చిరునామా. ఈ నాలుగూ ఉంటే ఫిర్యాదు ఆ రోజే రాయవచ్చు. లేకపోతే వాటిని సేకరించడానికే వారాలు పడుతుంది. అందుచేత వలస కార్మికుడి ఆరోగ్యానికీ, భద్రతకూ, తిరిగి వచ్చాక అతను నిలదొక్కుకోవడానికీ చేయవలసిన పనిలో పెద్ద భాగం అతను విమానం ఎక్కకముందే పూర్తి కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచ శ్రామికశక్తిలో 16 కోట్ల 77 లక్షల మంది వలస వచ్చినవారే. వారికి తోడుగా నిలిచే కుటుంబ సభ్యులు, కార్మిక సంఘాలవారు, స్వచ్ఛంద కార్యకర్తల కోసం ఈ సూచనలు రాస్తున్నాను.

బయలుదేరే ముందు: అప్పు, ఒప్పందం, కాగితాలు

మొదటి సమావేశంలో ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు అంకెలు రాయించండి. ప్రయాణానికి చేసిన అప్పు వడ్డీతో కలిపి ఎంత అవుతుంది, కోతలన్నీ పోగా నెలకు చేతికి వచ్చేది ఎంత, అందులో తిండికీ ఫోనుకూ పోగా ఇంటికి పంపగలిగేది ఎంత. మొదటి అంకెను మూడో అంకెతో భాగిస్తే అప్పు తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో తేలుతుంది. రెండేళ్ళ ఒప్పందంలో ఇరవై నెలలు అప్పుకే పోతాయని ఆ కాగితం మీద కనిపించినప్పుడు, ఎన్ని హెచ్చరికలు చేసినా రాని ఆలోచన వస్తుంది. దీనికి భద్రతతోనూ నేరుగా సంబంధం ఉంది. అప్పు తీరనివాడు ప్రమాదకరమైన పనిని కాదనలేడు, కొట్టే యజమానిని వదిలి రాలేడు, జబ్బు చేసినా సెలవు అడగలేడు.

నియామక రుసుములను, వాటికి సంబంధించిన ఖర్చులను కార్మికుల నుంచి వసూలు చేయరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 2016లో ఆమోదించిన న్యాయమైన నియామక సూత్రాలలో ముఖ్యమైనది. ఆచరణలో ఏజెంట్లు వసూలు చేస్తూనే ఉన్నారు కాబట్టి, ఇచ్చిన ప్రతి మొత్తానికీ రసీదు అడగమని చెప్పండి. రసీదు ఇవ్వకపోతే నగదు కాకుండా బ్యాంకు ద్వారా చెల్లించాలి. అదీ కుదరకపోతే తేదీ, మొత్తం, తీసుకున్నవారి పేరు, అక్కడున్న సాక్షి పేరు అదే రోజు రాసి పెట్టుకోవాలి.

ఒప్పందాన్ని కార్మికుడికి తెలిసిన భాషలో పూర్తిగా చదివి వినిపించండి. మూల వేతనం ఎంత, భత్యాలు ఎంత అన్నది విడివిడిగా ఉందో లేదో చూడండి. చాలా చోట్ల ఓవర్‌టైమునూ, పని ముగిసినప్పుడు ఇచ్చే మొత్తాన్నీ మూల వేతనం మీదే లెక్కగడతారు. పని గంటలు, వారపు సెలవు, వసతి, వైద్యం, తిరుగు ప్రయాణ టికెట్టు ఎవరి బాధ్యతో స్పష్టంగా రాసి ఉండాలి. వీసాలో ఉన్న యజమాని పేరు, ఒప్పందంలో ఉన్న యజమాని పేరు ఒకటే కావాలి. సందర్శకుల వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చని ఏజెంటు చెబితే, అక్కడ దిగిన తరువాత ఆ కార్మికుడి మాటకు చట్టం దన్ను ఉండదని మొహమాటం లేకుండా చెప్పాలి. ఇక్కడ ఒక ఒప్పందం, అక్కడ దిగాక తక్కువ జీతంతో మరో ఒప్పందం సంతకం చేయించుకోవడం పాత మోసం. మొదటి ఒప్పందం ప్రతి పేజీ ఫొటో ఇంట్లో ఉంటేనే ఆ మోసాన్ని తరువాత నిరూపించగలం.

కాగితాల నకళ్ళు మూడు చోట్ల ఉండాలి: ఒకటి కార్మికుడి దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి అతను ఏ ఫోను నుంచైనా తెరవగల ఈమెయిల్‌లో. ఈమెయిల్ ఎలా తెరవాలో అతని చేతే రెండుసార్లు చేయించండి. పాస్‌వర్డు కొడుక్కి మాత్రమే తెలిస్తే ఆపద వేళ ఆ నకలు ఉన్నా లేనట్టే. ఇంటి పనికి వెళ్ళే స్త్రీల విషయంలో మరో ఏర్పాటు కూడా అవసరం. పక్కన యజమానురాలు వింటున్నా మాట్లాడగలిగేలా ఇంటివారితో ఒక గుర్తు మాట అనుకోవాలి. ఫలానా బంధువు ఆరోగ్యం ఎలా ఉందని ఆమె అడిగితే, తాను ఆపదలో ఉన్నానని అర్థం. ఆ మాట వినగానే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోవాలి.

ఆరోగ్య పరీక్షను వీసా కోసం చేయించే లాంఛనంగా వదిలేయకండి. రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పనితీరు, ఛాతీ ఎక్స్‌రే ఫలితాల పూర్తి నివేదికను అడిగి తీసుకోండి. వెళ్ళేటప్పుడు ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే ఆధారం అదొక్కటే; పని వల్ల వచ్చిన జబ్బుకు పరిహారం అడిగే రోజు వస్తే దాని విలువ తెలుస్తుంది. రోజూ వాడే మందులుంటే వైద్యుడి చీటీతో, అసలు పెట్టెలతోనే తీసుకెళ్ళాలి. కొన్ని రకాల నొప్పి మందులూ నిద్రమాత్రలూ కొన్ని దేశాలలో నిషిద్ధం కాబట్టి, వెళ్ళే దేశపు రాయబార కార్యాలయంలో ముందుగానే విచారించాలి.

పని చోట: ఎండ, దుమ్ము, ప్రమాదం

ఆరుబయట పనిచేసేవారికి తొలి రెండు వారాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. వేడికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోపే పూర్తి పని చేయించడం వల్ల కొత్తగా చేరినవారే ఎక్కువగా వడదెబ్బకు బలవుతారు. కొత్తవారిని మొదటి రోజు మామూలు సమయంలో ఐదో వంతు మాత్రమే ఎండలో ఉంచి, ఆ తరువాత రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. మేస్త్రీ ఈ మాట వినకపోవచ్చు. అయినా కార్మికుడికి తెలిసి ఉంటే, సెలవు నుంచి తిరిగి వెళ్ళినప్పుడు కూడా తన శరీరం మళ్ళీ కొత్తదేనని గుర్తుంచుకుని జాగ్రత్తపడతాడు.

నీటి విషయంలో దాహం వేసేదాకా ఆగకూడదు. ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలి. గంటకు లీటరున్నర మించకూడదు. తగినన్ని నీళ్ళు తాగుతున్నామో లేదో తెలుసుకోవడానికి మూత్రం రంగే సులువైన కొలత: లేత పసుపు అయితే సరే, ముదురు రంగులోకి మారితే నీళ్ళు చాలడం లేదు, తేయాకు డికాక్షన్ రంగులో ఉంటే పని ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉష్ణోగ్రత అంకె తక్కువగా కనిపించినా ఆ రోజు ప్రమాదం ఎక్కువే. ఖతర్ 2021లో తెచ్చిన నిబంధన ఈ సంగతిని లెక్కలోకి తీసుకుంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషేధించడంతోపాటు, తేమను కూడా కలిపి లెక్కించే ఉష్ణ సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలని ఆ నిబంధన చెబుతుంది. వెళ్ళే దేశంలో ఇలాంటి నిబంధన ఉందో లేదో తెలుసుకుని, దాని సారాంశాన్ని కార్మికుడి ఫోనులో పెట్టి పంపండి.

పక్కవాడు తడబడుతూ నడిచినా, పొంతన లేకుండా మాట్లాడినా అది అలసట అనుకోకూడదు. వడదెబ్బ తగిలిన మనిషికి ఒళ్ళు ఎండిపోయే ఉండాలని లేదు, చెమట పడుతూనే ఉండవచ్చు. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోగా నీడకు చేర్చి, బరువైన బట్టలు తీసివేసి, ఒళ్ళంతా చల్లటి నీటితో తడుపుతూ గాలి విసరాలి. నీటి తొట్టె ఉంటే అందులో కూర్చోబెట్టి తల పైకి పట్టుకోవాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. రోజంతా బరువులు మోసి, నడుము పట్టేసి, గదికి చేరిన మనిషి నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటాడు. తెల్లవారి మళ్ళీ ఎండలోకి వెళతాడు. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలను రోజుల తరబడి వాడడం మూత్రపిండాలకు చేటు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీలలో మామూలు కారణాలతో పొంతన లేని మూత్రపిండాల వ్యాధి ఎంతగానో కనిపించింది. వేడి దేశాలలో పనిచేసి తిరిగివచ్చిన నేపాలీ యువకులు డయాలిసిస్ మంచాల మీద ఉండడాన్ని అక్కడి వైద్యులు గమనించారు. ఈ కారణం చేత ప్రతి ఫోను సంభాషణలోనూ ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడగండి. పేరు తెలియకపోతే మాత్రల అట్ట ఫొటో పంపమనండి.

రాయి, కాంక్రీటు, టైల్సు కోసేవారికి సన్నటి ఇసుక ధూళి మరో శత్రువు. దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు నివారణే గానీ నయం చేసే మందు లేదు. లక్షణాలు చాలా ఏళ్ళ తరువాత బయటపడవచ్చు. ముఖానికి కట్టుకున్న తుండుగుడ్డ ఆ ధూళిని ఆపదు. నీళ్ళు చల్లుతూ కోయడం, సన్నటి ధూళిని వడగట్టే సరైన మాస్కు (రెస్పిరేటరు) వాడడం తప్పనిసరి.

ప్రమాదం జరిగితే వైద్యం తరువాత చేయవలసిన మొదటి పని దాన్ని కాగితం మీదికి ఎక్కించడం. ఆసుపత్రి నివేదికలో ‘పని చోట జరిగిన గాయం’ అని రాయించాలి, ఆ చోటు ఫొటో తీయించాలి, చూసిన ఇద్దరి ఫోను నంబర్లు తీసుకోవాలి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టవద్దని అప్పుడే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మంచం మీద ఉన్న మనిషి చేత ‘పరిహారం అందింది’ అని సంతకం చేయించుకునేవారు ఉన్నారు. ప్రమాద పరిహారంలో విదేశీ కార్మికుడిని స్వదేశీయుడితో సమానంగా చూడాలన్న అంతర్జాతీయ ఒడంబడిక 1925లోనే వచ్చింది. దాన్ని ఆమోదించిన దేశమైతే ఫిర్యాదులో ఆ సంగతి రాయవచ్చు.

గంటల లెక్కా, ఫోను మాటలూ

ఒక కార్మికుడు తిరిగి వచ్చినప్పుడు జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి నా ముందు పెట్టాడు. ప్రతి పేజీలో తేదీ, పనిలోకి దిగిన వేళ, ముగిసిన వేళ, ఆ రోజు మేస్త్రీ పేరు. చెమటకు కొన్ని అక్షరాలు అలుక్కుపోయినా వరుస తప్పలేదు. పద్నాలుగు నెలల ఓవర్‌టైము బకాయిని ఆ పుస్తకం సాయంతోనే లెక్కగట్టి ఫిర్యాదు రాశాము. యజమాని చూపిన హాజరు పట్టీలో ఆ గంటలు లేనేలేవు. అప్పటి నుంచి వెళ్ళే ప్రతివారి చేతిలో ఒక పుస్తకం, రెండు పెన్నులు పెట్టి పంపడం అలవాటు చేసుకున్నాను. వారానికి ఒకసారి ఆ పేజీని ఫొటో తీసి ఇంటికి పంపమని కూడా చెబుతాను.

ఇంటికి పంపే డబ్బు అధికారిక మార్గంలోనే వెళ్ళాలి, రసీదులు ఉండాలి. పంపే ఖర్చు 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకున్నా, చాలా మార్గాలలో ఇప్పటికీ అంతకంటే ఎక్కువే అవుతోంది. అందుకని రుసుముతోపాటు మారకం రేటులో పోయేదాన్ని కూడా కలిపి పోల్చి చూడాలి. పంపే మొత్తంలో కొంతైనా కార్మికుడి సొంత పేరు మీది ఖాతాలోకి వెళ్ళాలి. ఈ మాట కుటుంబానికి రుచించకపోవచ్చు. కానీ పదేళ్ళు సంపాదించి తన పేరు మీద ఏమీ లేకుండా తిరిగి వచ్చినవారిని చూసిన తరువాత దీన్ని చెప్పకుండా ఉండలేను.

మనసు సంగతి ఫోనులో సులభంగా బయటపడదు. ఇంటి నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఫీజులు, వాయిదాలు, పెళ్ళి ఖర్చులతో నిండిపోతే అవతలి మనిషి ‘బాగానే ఉన్నాను’ అని ముగిస్తాడు. వారంలో ఒక ఫోను డబ్బు మాట లేకుండా ఉండాలని కుటుంబానికి చెప్పండి. ఎలా ఉన్నావని కాక, నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు, ఎవరితో కలిసి తిన్నావు అని అడగమనండి. బతకడం దండగ అన్న ధోరణి మాటల్లో కనిపిస్తే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. జవాబు అవునని వస్తే ఒంటరిగా ఉంచకుండా పక్క మంచం మనిషికి వెంటనే చెప్పి, వైద్యుడికి చూపించే ఏర్పాటు చేయాలి.

ఆపద వచ్చినప్పుడు

పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఆపడం, బయటికి వెళ్ళనివ్వకపోవడం, బెదిరించడం, అప్పుతో కట్టిపడేయడం వంటివాటిని అంతర్జాతీయ కార్మిక సంస్థ వెట్టిచాకిరీ గుర్తులుగా లెక్కిస్తుంది. ఫిర్యాదులో ‘ఇబ్బంది పెడుతున్నారు’ అని కాకుండా ఏ తేదీన ఏం జరిగిందో ఈ గుర్తుల వారీగా రాస్తే అధికారులు పట్టించుకునే అవకాశం పెరుగుతుంది. ఇంటి పనివారు తమ ప్రయాణ పత్రాలను తమ దగ్గరే ఉంచుకోవచ్చని 2011 నాటి ఇంటి పనివారి ఒడంబడిక చెబుతుంది. అయితే ఒడంబడిక ఆమోదించిన దేశాన్నే అది కట్టడి చేస్తుంది. 1990లో ఆమోదం పొంది 2003 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన వలస కార్మికుల హక్కుల ఒడంబడికలో, వలసలను ఎక్కువగా స్వీకరించే దేశాలు చాలావరకు చేరలేదు. కాబట్టి ఆ దేశపు స్థానిక కార్మిక చట్టాన్నే మొదట వెతకండి.

అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేటుకు కబురు చేయాలని, ఆ హక్కు ఉందని అతనికి ఆలస్యం లేకుండా తెలపాలని 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణం చెబుతోంది. కోరితేనే అన్న సంగతి కార్మికుడికి ముందే తెలిసి ఉండాలి. పాస్‌పోర్టు లేనివారికి కాన్సులేటు అత్యవసర ప్రయాణ పత్రం ఇవ్వగలదు. కోర్టు కేసును కొట్టివేసే అధికారం మాత్రం దానికి లేదు. దాని మీద లేని ఆశలు పెట్టవద్దు.

యజమాని స్పాన్సర్‌షిప్ మీద, అంటే యజమాని పూచీతో వచ్చిన వీసా మీద ఉన్నవారు పని చోటు వదిలి వెళితే కొన్ని దేశాలలో ‘పారిపోయారు’ అన్న ఫిర్యాదు నమోదవుతుంది. ప్రాణానికో మానానికో ముప్పు ఉంటే ఆ లెక్కలు చూడకుండా వెంటనే బయటపడమనాలి. కేవలం జీతం తగాదా అయితే ముందు కార్మిక శాఖలో ఫిర్యాదు చేసిన తరువాతే కదలమనాలి. లైంగిక దాడి జరిగితే హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి, గర్భం రాకుండా ఇచ్చే మందులు ఐదు రోజులలోపు పనిచేస్తాయి, రెండూ ఎంత త్వరగా వాడితే అంత మేలు. బాధితురాలి వీడియోనూ ఫొటోనూ ఆమె అనుమతి లేకుండా ఎక్కడా పెట్టవద్దు. పదిమందికీ తెలిస్తే సాయం వస్తుందన్న ఆత్రం సహజమే గానీ, ఆ వీడియో మొదట యజమానికి చేరి ఆమె ఫోను పోతుంది.

తిరుగు ప్రయాణం, ఆ తరువాతి ఏడాది

దేశం దాటిన తరువాత బకాయి జీతం రాబట్టడం ఎంత కష్టమో 2020లో కరోనా వేళ హడావుడిగా తిరిగి వచ్చినవారికి తెలుసు. అందువల్ల బయలుదేరే ముందే తుది లెక్క కాగితం, జీతం చీటీలు, అనుభవ ధ్రువపత్రం, వైద్య రికార్డులు తీసుకోవాలి; అక్కడి బ్యాంకు అప్పు ఏదైనా మిగిలి ఉంటే తీర్చి రసీదు పొందాలి. కేసు నడుస్తుంటే, తన తరఫున హాజరయ్యేవారికి కాన్సులేటులో లేదా నోటరీ దగ్గర అధికార పత్రం ఇచ్చి రావాలి.

ఇంటికి చేరిన మొదటి వారంలో ఎంత తెచ్చావన్న ప్రశ్న అతన్ని అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. చేతులూపుకుంటూ వచ్చినవాడు సిగ్గుతో గడప దాటడు, సాయం చేసే కార్యాలయానికీ రాడు. మీరే వెళ్ళి కూర్చోండి, మొదటి రోజు ఏ ఫారమూ తీయకండి. రెండో మూడో సారి వెళ్ళినప్పుడు వైద్య పరీక్ష మాట ఎత్తండి: రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, ఛాతీ ఎక్స్‌రే. ఏ దేశంలో ఎన్నేళ్ళు ఏ పని చేశాడో వైద్యుడికి రాసి ఇవ్వండి. ‘ఆరేళ్ళు రాయి కోశాడు’ అన్న ఒక్క వాక్యం లేకపోతే దగ్గును మామూలు దగ్గుగానే చూసే ప్రమాదం ఉంది.

ఇల్లు కూడా అతను వదిలి వెళ్ళిన ఇల్లు కాదు. ఇన్నేళ్ళూ లెక్కలు, పిల్లల చదువు, పొలం పనులు చూసుకున్నది భార్య. ఆ నిర్ణయాలను అతను ఒక్క రోజులో తన చేతిలోకి తీసుకోబోతే గొడవలు మొదలవుతాయి. తండ్రి ఎత్తుకోబోతే తల్లి వెనక దాక్కునే పిల్లవాడిని బలవంతంగా ఒడిలో కూర్చోబెట్టకూడదు. బడికి దింపి రావడం వంటి ఒక చిన్న పనిని రోజూ అతనికి అప్పగిస్తే దగ్గరితనం దానంతట అదే వస్తుంది. విదేశంలో ఇంటిపని చేసి వచ్చిన స్త్రీల విషయంలో చుట్టుపక్కలవారి ఆరాలు మరింత క్రూరంగా ఉంటాయి. ఆమె చెప్పదలచుకున్నదే, చెప్పదలచుకున్నవారికే చెప్పేలా కాపాడడం మీ బాధ్యత.

మొదటి మూడు నెలల్లో దుకాణమో వాహనమో కొనవద్దని సలహా ఇవ్వండి. చేతిలో కాస్త డబ్బు ఉన్న ఆ సమయంలోనే బంధువులు పెట్టుబడి ఆలోచనలతో వస్తారు. ముందు అప్పుల పట్టిక వేయించి, ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని మొదట తీర్పించండి. వడ్డీ వ్యాపారితో మాట్లాడడానికి అతనితో పాటు మీరూ వెళ్ళండి. అతను అక్కడ నేర్చిన వెల్డింగ్, స్కాఫోల్డింగ్, వృద్ధుల సంరక్షణ వంటి నైపుణ్యానికి ఇక్కడి ధ్రువపత్రం ఇప్పించే పరీక్ష ఉందేమో చూడండి. చాలామంది తెలియని వ్యాపారంలో డబ్బు పోగొట్టుకుంటారు, తెలిసిన పనికి కాగితం లేక కూలీ రేటుకే చేస్తారు. మళ్ళీ విదేశానికి వెళతానంటే దాన్ని మీ ఓటమిగా తీసుకోకండి. ఈసారి ఆ మూడు అంకెల కాగితం అతని చేతే రాయించండి.

మొదటి నెల, మూడో నెల, ఆరో నెల, ఏడాది పూర్తయినప్పుడు తప్పకుండా కలవండి. ఏడాది తరువాత కేసు మిగిలి ఉంటే దాని నంబరు, తరువాతి వాయిదా తేదీ, న్యాయవాది ఫోను నంబరు ఇంట్లో ఇద్దరికి తెలిసేలా చేయండి. మీ ఫైలులో ఉన్న అసలు కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి అతని చేతికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.